కరెంటాయన గీసిన ఎర్రగీత

వీధిలో అందరూ ఆయన్ని కరెంటాయన అంటారు. ముప్పై ఒక్క సంవత్సరాలు కరెంటాఫీసులో పనిచేసిన మనిషిని ఇంకేమంటారు? అయితే ఆ ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆయన ఒక్కసారైనా కరెంటు తీగను ముట్టుకున్న పాపాన పోలేదు. ఆయన ముట్టుకున్నవన్నీ ఫైళ్లే. ఉత్తరం వస్తే దానికో నంబరు వేయడం, కాగితానికి ఎడమవైపు స్కేలు పెట్టి ఎర్ర పెన్సిలుతో మార్జిను గీయడం, "తగు చర్య నిమిత్తం" అని రాసి పక్క బల్ల మీదికి తోసేయడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఆ తగు చర్య ఏమిటో పక్క బల్లకి కూడా తెలియదు, అది వేరే సంగతి.

వీధిలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా ముందు ఆయన దగ్గరికే పరిగెత్తుకొచ్చేవారు. ఆయన చెప్పులేసుకుని వెళ్లి, తల పైకెత్తి, ఫ్యాను వంక కాసేపు గంభీరంగా చూసి, "లోడు ఎక్కువైంది" అనేవాడు. ఆ మాట ఏ ఇంట్లోనైనా, ఏ వస్తువు గురించైనా అనొచ్చని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే కనిపెట్టాడు మరి. తర్వాత వాళ్లు వెళ్లి ఎలక్ట్రీషియన్ని పిలుచుకునేవారు, ఫ్యాను తిరిగేది, పేరు ఈయనకి వచ్చేది. సొంతింట్లో ఫ్యూజు పోతే ఆయన టార్చిలైటు పట్టుకునేవాడు. ఫ్యూజు ఆయన భార్య వేసేది.

ఆవిడ దర్జీ. మేడమీద మూడు గదుల ఇంట్లో వెనక గది ఆవిడది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి మేకులు, మేకులకి దారపు ఉండలు, తలుపు వెనక నిలువుటద్దం. వీధిలో సగంమంది ఒంటిమీద ఆవిడ కుట్టు ఉండేది. మనిషిని మెట్లమీద చూసి కొలతలు చెప్పేయగలదు. ఆయన ఆఫీసుకి వెళ్లేముందు మొదలైన మిషను చప్పుడు ఆయన తిరిగొచ్చేసరికి ఇంకా వినిపిస్తూనే ఉండేది. మధ్యలో ఇల్లు ఎలా నడిచేదో ఆయనకు రిటైరయ్యేదాకా తెలియలేదు.

రిటైరయ్యాక తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, ఆవిడకి తలుపు బెల్లు వినపడటం లేదు.

ముందు గదిలో పేపరు చదువుకుంటుంటే బెల్లు మోగింది. ముప్పై ఏళ్లుగా తలుపు తీసేది ఆవిడే కాబట్టి ఆయన పేపరు దించలేదు. మళ్లీ మోగింది. వెనక గదిలో మిషను తాపీగా నడుస్తూనే ఉంది. ఆయన లేచి, చెప్పులు వెతుక్కుని, తలుపు తీసేసరికి ఎవరో మెట్లు దిగి వెళ్లిపోతున్న అడుగులు మాత్రం వినిపించాయి. ఇలా వారంలో మూడుసార్లు జరిగింది. నాలుగోసారి తనే గబగబా వెళ్లి తలుపు తీశాడు. కొలతలివ్వడానికి వచ్చిన అమ్మాయి ఈయన్ని చూసి, "ఆంటీ లేరేమో, మళ్లీ వస్తాలెండి" అని వెనక్కి తిరిగింది. ఆ సంగతి తెలిసి భార్య చీవాట్లు పెట్టింది.

"నా గిరాకీల జోలికి మీరు రాకండి. ఆడపిల్లలు కొలతలకొస్తే మీరెళ్లి గుమ్మంలో నిలబడతారేంటి?"

సరే, చెప్పేస్తే పోయేది. "నీకు బెల్లు వినపడటం లేదు." నాలుగే మాటలు. కానీ మన కరెంటాయనకి ఏ మాటైనా కాగితం మీద పెట్టి పంపడమే అలవాటు. ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ నచ్చని విషయం చెప్పాల్సి వస్తే ఆయన గొంతు సగంలోనే గొణుగుడుగా మారిపోయేది. ఆఫీసులో కిటికీ తెరవమని చెప్పడానికి కూడా రెండు వాక్యాలు రాసి పంపేవాడని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లూ అదే అనేవారు.

ఈలోగా గిరాకీలు తగ్గిపోయాయి. వచ్చినవాళ్లు బెల్లు కొట్టి, ఎవరూ లేరనుకుని వెళ్లిపోతుంటే తగ్గక పెరుగుతాయా? ఆవిడ మాత్రం ఇంకోలా అర్థం చేసుకుంది. ఒకరోజు ఖాళీ మిషను చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చుని అంది:

"ఎవరికండీ ఈ రోజుల్లో నా కుట్టు కావాల్సింది? అందరూ రెడీమేడ్ వేసుకుని తిరుగుతున్నారు. ఒకటో తారీఖున మిషన్ల మెకానిక్కుని రమ్మన్నాను. మిషను పట్టుకుపోతాడు."

ఆయన ఆవిడ చేతివంక చూశాడు. ఆ చెయ్యి ఖాళీగా ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒకటో తారీఖుకి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. "ఊ" అన్నాడు. అంతకుమించి ఆయన గొంతులోంచి వస్తే కదా.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, బజారు చివర ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు ముందు నిలబడ్డాడు. బెల్లు వినపడకపోతేనేం, బెల్లు కొట్టగానే మిషను దగ్గర ఓ దీపం వెలిగితే చాలదా అని ఆయన ఆలోచన. నాలుగు మాటలు నోటితో అనడం కంటే ఒక శాస్త్రం మొత్తం మొదట్నుంచీ నేర్చుకోవడమే తేలికని ఆ మహానుభావుడికి తోచింది.

కొట్టు నడిపే ఆవిడ చిన్నదే. నోరు మాత్రం పెద్దది.

"గోడలో కరెంటు జోలికి మాత్రం వెళ్లకండి బాబాయిగారూ. అన్నీ బ్యాటరీతోనే చేసుకోండి. బ్యాటరీతో తప్పు చేస్తే నవ్వొస్తుంది. గోడతో తప్పు చేస్తే నవ్వడానికి మీరుండరు" అని చెప్పి, చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలు, చారల చారల రెసిస్టర్లు, చిల్లుల పలక ఒకటి, ఓ పిడికెడు తీగలు, ప్రయోగాల పుస్తకం ఒకటి సంచిలో వేసి ఇచ్చింది. చిల్లుల పలకంటే తీగల కొసలు గుచ్చితే చాలు, అతికించే పని లేకుండా సర్క్యూటు తయారయ్యే ప్లాస్టిక్ ముక్క. "మీది కరెంటాఫీసేగా, మీకు నేను చెప్పేదేముంది?" అని కూడా అంది. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు.

పుస్తకం మొదటి పేజీలో ఏం రాశారో చదివే ఓపిక ఆయనకి లేదు. ఎల్ఈడీకి పొడుగు కాలు ఒకటి, పొట్టి కాలు ఒకటి ఉన్నాయి. పొడుగుది బ్యాటరీ ప్లస్సుకీ, పొట్టిది మైనస్సుకీ తిన్నగా తగిలించాడు. దీపం కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగి, టప్పుమని, గుప్పున వాసనేసి, శాశ్వతంగా ఆరిపోయింది.

"లోడు ఎక్కువైంది" అన్నాడు అలవాటుగా. ఆయన జీవితంలో ఆ మాట నిజమవడం అదే మొదటిసారి.

అప్పుడు పుస్తకం చదివాడు. దీపానికి ముందు రెసిస్టర్ ఉండాలట. రెసిస్టరంటే వచ్చే కరెంటును తేరగా పోనివ్వకుండా తగ్గించి పంపేది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆఫీసులో తను చేసిన పనే కాబట్టి ఆ సూత్రం చటుక్కున బుర్రకెక్కింది. రెసిస్టర్ పెట్టి మళ్లీ తగిలించాడు. దీపం బుద్ధిగా, చల్లగా వెలిగింది. ముందు గదిలో బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఆ బియ్యపుగింజంత వెలుగును పది నిమిషాలు కన్నార్పకుండా చూశాడు. ఎవరో అధికారి సంతకం లేకుండా, పక్క బల్ల ప్రమేయం లేకుండా ఓ పని మొదలుపెట్టి చివరిదాకా చేయడం ఆయనకిదే తొలిసారి. సిగ్గు విడిచి చెప్పాలంటే కళ్లు చెమర్చాయి.

"ఈ వయసులో ఈ బొమ్మలాటేంటండీ?" అంది భార్య, గుమ్మంలోంచి.

"కాలక్షేపం" అన్నాడు.

"ఏంటీ?"

"కాలక్షేపం!"

"సరేలెండి, దానికి అరుస్తారెందుకు?"

ఇక రిజిస్టరు తెరిచాడు. తెరవకపోతే ఆయన ఎలా అవుతాడు? ప్రతి ప్రయోగానికీ ఒక నంబరు, ఒక తేదీ, కింద ఒక రిమార్కు. "దీపము వెలిగినది." "దీపము వెలగలేదు. కారణము పరిశీలనలో ఉన్నది." రెసిస్టర్ల మీది రంగుచారల్ని బట్టి వాటి విలువ తెలుసుకోవాలి. ఆయనకి ఎరుపుకీ నారింజకీ తేడా తెలిసేది కాదు. వెనక గదిలోంచి నీళ్లకోసం వెళుతూ వెళుతూ ఆవిడే ఓ చూపు పారేసి, "అది నారింజ. దాని పక్కది ముదురు గోధుమ" అనేసి పోయేది. దారపు ఉండల మధ్య బతికిన కళ్లవి.

పది రోజుల్లో దీపం, స్విచ్చి, కీచుమని మోగే బజ్జరు అన్నీ విడివిడిగా పనిచేయించాడు. కానీ ఒక చిక్కుంది. వచ్చినవాళ్లు బెల్లు నొక్కి వదిలేస్తారు. వదలగానే దీపం ఆరిపోతుంది. ఆ క్షణంలో ఆవిడ సూదివంక చూస్తూ ఉంటే అంతే సంగతులు. మళ్లీ కొట్టుకి వెళ్లాడు. కొట్టావిడ ఎనిమిది కాళ్ల నల్లటి చిప్పు ఒకటి, కెపాసిటర్ ఒకటి చేతిలో పెట్టింది.

"ఒకసారి నొక్కితే చాలు, ఈ కెపాసిటర్ నిండేదాకా చిప్పు దీపాన్ని ఆరనివ్వదు. తొట్టి నిండితే పంపు ఆపేస్తాం చూడండి, అలాగ. ఈ సైజు కెపాసిటర్ నిండటానికి ఇరవై నాలుగు సెకన్లు పడుతుంది. పుస్తకంలో చివరి బొమ్మ అదే."

ఇక్కడే కరెంటాయన తన ముప్పై ఒక్క సంవత్సరాల అనుభవాన్నంతా రంగంలోకి దించాడు. అసలు కాగితం బీరువాలో, నకలు బల్లమీద, అదీ పద్ధతి. పుస్తకంలో బొమ్మని రిజిస్టర్లోకి దించి, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. దించే ముందు చెయ్యి దానంతటదే స్కేలు తీసుకుంది, ఎర్ర పెన్సిలు తీసుకుంది, పేజీ ఎడమవైపు పైనుంచి కిందిదాకా మార్జిను గీసింది. బొమ్మ కాస్త వెడల్పయింది కాబట్టి పైన ప్లస్సు గీతా, కింద మైనస్సు గీతా మార్జినును దాటుకుని పేజీ అంచుదాకా వచ్చాయి. తర్వాత నకలు ముందు పెట్టుకుని సర్క్యూటు కట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో గీతకీ ఒక్కో తీగ గుచ్చడం, పక్కన టిక్కు పెట్టడం. నల్లగీతకి నల్లతీగ. ఎర్రగీతకి ఎర్రతీగ. అంత చక్కగా, ఒక్క గీత వదలకుండా కట్టాడు.

దీపం వెలగలేదు. బ్యాటరీ మాత్రం చెయ్యి కాలేంత వేడెక్కింది. ఇంకో బ్యాటరీ పెట్టాడు. అదీ వేడెక్కి చచ్చింది. మూడోదీ అంతే. రిజిస్టర్లో రిమార్కు మాత్రం ఏ లోపం లేకుండా ఎక్కుతూనే ఉంది.

"బ్యాటరీలు తింటున్నారా ఏంటి బాబాయిగారూ? ఆ పలక ఓసారి పట్టుకురండి, చూస్తాను" అంది కొట్టావిడ.

పట్టుకెళితే చిటికెలో తేలిపోయేది. కానీ కరెంటాఫీసు మనిషి వెళ్లి ఒక చిన్నపిల్ల ముందు తప్పు ఒప్పుకుంటాడా? "లోడు ఎక్కువైందంతే" అని నాలుగో బ్యాటరీ తెచ్చుకున్నాడు. ఒకటో తారీఖుకి ఇంకా వారమే ఉంది. తల పట్టుకుని కూర్చున్నాడు.

కత్తెర కోసం ముందు గదిలోకి వచ్చిన భార్య ఆయన వాలకం చూసి ఆగింది. రిజిస్టరు తనవైపు తిప్పుకుంది. బట్ట కత్తిరించేముందు కాగితం నమూనా చూసినట్టు, చూపుడువేలితో ఒక్కో గీత వెంబడి నెమ్మదిగా పోయింది. వేలు ఎర్రగీత దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"తీగ."

"తీగ కాదు. ఇది మార్జిను. మీరు పచారీ చీటీకి కూడా గీస్తారు ఈ గీత." పలకమీది ఎర్రతీగని వేలితో తట్టింది. "కత్తిరించాల్సిన గీత వేరు, కుట్టాల్సిన గీత వేరు. మీరు రెండూ కలిపి కుట్టేశారు."

నిజమే. పైనున్న ప్లస్సునీ కిందున్న మైనస్సునీ ఆ మార్జిను తీగ తిన్నగా కలిపేసింది. కరెంటుకి అంత రాచబాట దొరికితే దీపం దాకా ఎందుకు పోతుంది? ఆవిడ రెండు వేళ్లతో ఆ తీగ పట్టుకుని, పొరపాటు కుట్టు ఊడదీసినట్టు లాగి పారేసింది. ఆయన స్విచ్చి నొక్కాడు. దీపం వెలిగింది. ఇద్దరూ సెకన్లు లెక్కపెట్టారు. ఇరవై నాలుగు సెకన్ల తర్వాత ఆరిపోయింది.

"భలేగుందే!" అంది ఆవిడ. ఆ తర్వాత ఆటలో తనూ చేరిపోయింది. తీగలు ఊడిపోకుండా సీసం కరిగించి అతికించే సోల్డరింగు ఆయన చేస్తే వేలు కాలింది. ఆవిడ తీసుకుని, ముడి వేసినంత నేర్పుగా ఒక్కో చుక్కా అతికించేసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి పాత బెల్లు తీగలు విప్పేసి వెళ్లాడు. గుమ్మం పక్కన కొత్త బటను పెట్టి, గోడ వెంబడి తీగ లాగి, దీపాన్ని మిషను పైన మేకుకి తగిలించారు. పక్కన బజ్జరుని మాత్రం ఆయనే, అదేమిటో చెప్పకుండా బిగించాడు.

"బయట దీపం పెట్టుకుంటారు గానీ మిషను దగ్గరెందుకండీ?"

"ఎక్కడో ఓచోట పెట్టాలిగా" అన్నాడు ఆయన గోడవంక చూస్తూ.

ఆయన బయటికి వెళ్లి బటను నొక్కాడు. లోపల బజ్జరు మోగడం మెట్లదాకా వినిపించింది. "వెలిగిందా?" అని అరిచాడు. జవాబు లేదు. లోపలికొచ్చి చూస్తే ఆవిడ నవ్వుమొహంతో దీపం వంక చూస్తోంది.

"బ్రహ్మాండంగా వెలిగింది. దీంతోపాటు ఓ చప్పుడు కూడా పెట్టుంటే ఇంకా బాగుండేది కదా!"

ఆవిడ తలకి మూరెడు దూరంలో బజ్జరు ఇంకా మోగుతూనే ఉంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. కరెంటాయన నోరు తెరిచాడు. "చూద్దాం" అన్నాడు.

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం దీపం వెలిగింది. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసి వెళ్లి తలుపు తీసింది. వీధి చివరి టీచరమ్మ, చేతిలో బట్టల సంచితో.

"అమ్మయ్య, ఇవాళైనా ఉన్నారు! నాలుగుసార్లు వచ్చి బెల్లు కొట్టి కొట్టి పోయానండీ. మా చెల్లెలు కూడా రెండుసార్లొచ్చింది. ఊరెళ్లారేమో అనుకున్నాం."

"నేను ఎక్కడికీ వెళ్లలేదే" అంది ఆవిడ. గుమ్మం పక్కన కొత్త బటను వంక ఒకసారి చూసింది. కొలతలు తీసుకుని, టీచరమ్మని పంపి, తలుపేసి, తిన్నగా ముందు గదిలోకి వచ్చింది.

"మీకు తెలుసు కదూ?"

ఆయన రిజిస్టరు మొదటి పేజీ తీసి ఆవిడవైపు తోశాడు. పైన చక్కటి దస్తూరీలో ఉంది: "విషయము: గంట మ్రోగినప్పుడు దీపము వెలుగుట గురించి." ఆవిడ దాన్ని చూసి, మూసి, పక్కన పెట్టింది.

"కాగితం వద్దు. నోటితో చెప్పండి."

ఆయన గొణిగాడు.

"వినపడలేదు."

మళ్లీ అన్నాడు, కాస్త పైకి.

"వినపడలేదండీ."

అప్పుడు లేచి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు చించుకుని అరిచాడు:

"నీకు బెల్లు వినపడట్లేదు! చెబితే బాధపడతావని చెప్పలేదు! మిషను అమ్మేస్తానంటే నాకు భయమేసింది!"

ఎదుటింటివాళ్లు బాల్కనీలోకి వచ్చారు. మెట్లమీద ఎవరిదో తలుపు తెరుచుకుంది. ఇన్నాళ్లు ఒక్క మనిషికి మెల్లగా చెప్పలేకపోయిన మాట ఒక్కసారిగా వీధి వీధంతటికీ చెప్పేసి, కరెంటాయన వగరుస్తూ కూర్చుండిపోయాడు.

ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మిషను గుమ్మం దగ్గరికి జరిపి తలుపు తీసి ఉంచితే వచ్చినవాళ్లు కనపడేవారు కదండీ" అంది చివరికి.

ఆయనకి ఆ సంగతి తట్టనే లేదు. ఇరవై రోజులు, నాలుగు బ్యాటరీలు, ఒక కాలిన వేలు. నోరెళ్లబెట్టి చూశాడు.

"నాకు కాస్త తేడా తెలుస్తూనే ఉంది. కానీ నా చెవి అనుకోలేదు. మీ గొంతే రోజురోజుకీ సన్నబడిపోతోందనుకున్నాను. రిటైరయ్యారు కదా, లోపల్లోపల నీరసపడిపోతున్నారేమోనని..." ఆగింది. "అడిగితే బాధపడతారని నేనూ ఊరుకున్నాను."

ఒకటో తారీఖున మిషను మెకానిక్కు బటను నొక్కాడు, దీపం వెలిగింది, ఆవిడ తలుపు తీసి, మిషనుకి నూనె వేసి పొమ్మంది. వారం తిరక్కుండా చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్లారు. డాక్టరు చెవిలో పెట్టిన చిన్న యంత్రంతో ఇప్పుడు ఆవిడకి బెల్లే కాదు, కరెంటాయన గొణుగుడు కూడా వినపడుతోంది. అది ఆయనకి ఎంతవరకు మేలో ఇంకా తేలలేదు. యంత్రం లోపల ఏముందో విప్పి చూడాలని ఆయనకి వేళ్లు దురదపెడతాయి. ఆవిడ దాన్ని ఆయన చేతికివ్వదు.

దీపం మాత్రం మేకుకి అలాగే ఉంది. సాయంత్రం నడక నుంచి తిరిగొచ్చి, జేబులో తాళంచెవి ఉన్నా ఆయన బటను నొక్కుతాడు. ఆవిడ మిషను ఆపి వచ్చి తలుపు తీస్తుంది.

"తాళంచెవి లేదా?"

"ఉంది" అంటాడు, గట్టిగా.